రాహేలు చూపించిన పని

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నలభై ఏండ్లుగా రాయి చీలుస్తున్న రాహేలు, జర్మనీలో రాజుగారి మేడ చూడబోయి, బంగారు గదులు ఒక్కటీ సరిగా చూడలేదు. బయట నిలబడి పైకప్పుకేసి తల ఎత్తింది. కప్పు నిండా నల్లరాతి పలకలే.

"చూడు పాపా, చేత్తో చీల్చినవి. అంచులే చెప్తన్నాయి," అనింది నాగవేణితో. ఆ పిల్ల ఓనరు సంజీవరావు కూతురు, జర్మనీలోనే చదువుకుంటా ఉంది.

"మెడ పట్టేస్తది, దించవ్వా."

"మీ నాయన నన్ను ఇంత దూరం తోలుకొచ్చింది మెడ దించుకోడానికా?"

రాతి ఎగ్జిబిషన్లో చేతిపని చూపించాలని సంజీవరావే ఆమెకు పాస్‌పోర్టు తీయించినాడు. అక్కడోళ్లు ఆమె మణికట్లకు వైర్ల బిళ్లలు అంటించి, నాలుగు పక్కలా కెమెరాలు పెట్టినారు. ఫోటోలకే కదా అని రాహేలు మూడు రోజులు సంబరంగా చూపించింది. రాయి తడిగోనెలో ఎంతసేపు నానాలో, బొటనవేలికి పొర ఎక్కడ దొరుకుతుందో, ఏ చప్పుడుకు సుత్తి ఆపాలో, సొంత కోడలికి చెప్పనిది కూడా చెప్పింది.

మేడ వెనక చెట్ల కింద బీరు తోట. సంజీవరావు అప్పటికే అక్కడ బల్ల దగ్గర కూర్చోని ఉన్నాడు. చెంబులంత గ్లాసులు.

"ఎంత మర్యాదగా తాగుతారమ్మా! మనోళ్లయితే క్వార్టరుకే కాలవలో పడతారు," అని నవ్వింది.

ఇంతలో ఇద్దరు దొరలు వచ్చినారు. సంజీవరావు వాళ్ల కాగితం మీద సంతకం పెట్టి, గ్లాసుకు గ్లాసు తాకించినాడు. వాళ్లు బల్ల మీద తెరిచిన కంప్యూటర్లో ఒక ఇనపచెయ్యి రాయి చీలుస్తా ఉంది. దెబ్బకు ముందు రవ్వంత ఆగింది, అచ్చం రాహేలు ఆగినట్లే.

"ఏంది పాపా అది?"

నాగవేణి తల దించుకొనింది. "మిషనవ్వా. రెండేండ్లుగా రాళ్లు పగలగొట్టడమే గాని చీల్చలేకపోయింది. ఇప్పుడు నీ చేతుల్ని చూసి నేర్చుకునింది. వచ్చే ఏడు మన ఫ్యాక్టరీకి వస్తది."

"మరి మల్లి, చాంద్బీ... మేం ముప్పైమందిమి?"

సంజీవరావు అందుకున్నాడు. "నీకేం దిగులు పెద్దమ్మా? నిన్ను ఊరికే పంపిస్తానా? తిను ముందు."

"మూడు రోజులు నా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నావే నాయనా. ఒక్క మాట చెప్పినావా?"

"చెప్తే చూపించేదానివా?"

బస్టాండు దాకా వచ్చి సాగనంపిన ఆడోళ్లు ఒక్కొక్కరే రాహేలు కండ్ల ముందర నిలబడినారు.

దొర ఒకాయన కెమెరా ఎత్తి ఏదో అన్నాడు.

"చేతులు బల్ల మీద పెట్టమంటన్నాడవ్వా," అనింది నాగవేణి మెల్లగా.

రాహేలు రెండు చేతులూ కొంగు కింద దాచుకొనింది.

"మొహం తీసుకోమను. చేతులు ఇంక చూపించను."