పడుగు చాచే వీధిలో పూలకుండీలు

తిరుపతి బస్టాండులో ఉదయం ఏడింటికి పుత్తూరు మీదుగా నగరి పోయే బస్సెక్కాను. మా బామ్మర్ది మునిరత్నం నగరిలో చేనేత చీరలు నేస్తాడు. "మా వీధిని కళావీధి చేసినారు బావా. మగ్గం ఉంచాల్నో ఎత్తేయాల్నో తెలీడంల్యా. ఒకసారి వచ్చి సూడు" అని ఫోన్ చేశాడు. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. ఎవరైనా ఉచితంగా గోడకు రంగేస్తామని వస్తే, ఊరక రారు మహానుభావులు అనుకునే రకాన్ని.

పక్క సీటులో చేయి విరిగిన పెద్దాయన, పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి వెళ్తున్నాడు. నా ప్రయాణం సంగతి విని నవ్వాడు.

"మా వీధిలోనూ బొమ్మలేసినారప్పా, బాగుండాయి. ఆ వెనకే ఇంటాయన బాడుగ పెంచినాడు. బొమ్మలు సూసేదానికి మేము ఆడ ఉండాల గదా?"

నా అనుమానానికి తోడు దొరికింది. పుత్తూరులో ఆయన్ను దించి, బస్సు ఆగిన కాసేపట్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళ నీళ్ళగా ఉంది. వెళ్ళేవాళ్ళు వడతో సరిపెట్టుకోవడం మేలు.

తొమ్మిది దాటాక నగరి చేరాను. వీధి మొదట్లో కొత్త తోరణం, ఇదివరకు రంగుల అద్దకం కొట్టు ఉన్నచోట కాఫీ హోటలు. అక్కడి కాఫీ ధరకు బస్టాండులో భోజనం వస్తుంది. గోడల మీది బొమ్మలు మాత్రం నిజంగా బాగున్నాయి. ఒక గోడ నిండా తెల్లవారు వెలుగులో ఆడామగా వీధి పొడవునా పసుపు దారాలు చాచి నిలబడ్డారు. ఆ గోడ ముందే, వీధి నడుమ వరసగా పెద్ద పెద్ద పూలకుండీలు పెట్టారు.

మునిరత్నం ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. ఒక్క పోగు లేదు.

"పడుగు చాచేదానికి చోటు యాడుండాది బావా?" అన్నాడు.

పడుగంటే చీరకు నిలువు దారాలు. వాటిని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, లేత ఎండలో ఆరనిచ్చాకే మగ్గానికి ఎక్కిస్తారు.

"ఇది ఎవరి ఎత్తు? బాడుగ పెంచడానికి మీ ఇంటాయన వేసిందా?" అని అడిగాను.

"ఎవురిదీ కాదు. ఈ కళావీధోళ్ళు కొలతలకి వచ్చినప్పుడల్లా పొద్దున పది దాటేది. అప్పటికి మేము పడుగు చుట్టేసి లోపలికి పోయింటాము. వీధి ఖాళీ అనుకున్నారు."

"మీరు చెప్పలేదా?"

అతని భార్య సరోజ అందుకుంది. "దినామూ సూసేదాన్ని ఎవురు చెప్తారన్నా? గోడ మీద ఏసినారు గదా, తెలిసే ఉంటాదనుకుంటిమి."

నాకు నమ్మకం కుదరలేదు. కాఫీ హోటలుకు వెళ్ళి, ఈ కళావీధి పనులు చేయిస్తున్న యువకుణ్ణి కలిశాను. చాలా మర్యాదస్థుడు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

"వీధిలో పడుగు చాచడం పాతకాలపు పద్ధతి కదండీ. పాత ఫొటో చూసి గీయించాం. మునిరత్నం గారికి ఇక్కడే మగ్గం పెట్టిస్తాం. వచ్చినవాళ్ళ ముందు కూర్చుని నేస్తే చాలు" అన్నాడు.

"రేపు తెల్లవారేసరికి వీధిలోకి రండి" అని చెప్పి వచ్చాను. రాడనే అనుకున్నాను.

మర్నాడు చీకటి విడకముందే ఇరుగుపొరుగు వచ్చి, ఒక్కో కుండీనీ నలుగురు పట్టి పక్కకు జరిపారు. రోజూ చేయగల పని కాదది. ఇన్నాళ్ళూ ఇంట్లో చుట్టి ఉంచిన పసుపు పడుగు వీధి పొడవునా సాగింది. మునిరత్నం ఒకవైపు, సరోజ ఇంకోవైపు గంజి పట్టిస్తూ నడిచారు. గోడ మీది బొమ్మ కిందికి దిగి వచ్చినట్టే ఉంది. యువకుడు వచ్చాడు. చూస్తుండగానే అతని కళ్ళు చెమర్చాయి. అతన్ని అనవసరంగా అనుమానించానే అని సిగ్గుపడ్డాను.

"అద్భుతమండీ! ఆదివారం పదకొండింటికి ఇది చేయగలరా? జనం అప్పుడే వస్తారు" అన్నాడు.

"ఎండెక్కితే గంజి బిగుసుకొని దారం తెగిపోతాది సామీ" అన్నాడు మునిరత్నం.

"తెగినా పర్వాలేదు. చూపించడానికే కదా."

మునిరత్నం మళ్ళీ గంజి అందుకున్నాడు. పడుగు ఆరాక చుట్టి లోపల పెట్టి వచ్చాడు. కుండీలను తిరిగి వీధి నడుమకు జరపడానికి మొదటి కుండీ అంచును తనే పట్టుకుని, మిగతావాళ్ళను రమ్మని సైగ చేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

సాయంత్రం తిరుపతి రైలుకు నన్ను సాగనంపడానికి స్టేషనుకు వచ్చాడు.

"ఈ పడుగు నేసినాక మగ్గం సత్యవేడు పక్కన మా అత్తోళ్ళ ఊరికి ఎత్తేస్తాను బావా. ఆడ వీధి ఎవురికీ అక్కర్లే."

"ఊరు బాగుంటుందా?"

"బాగుందని యాడా చెప్పొద్దు" అన్నాడు నవ్వకుండా.

రైల్లో ఎదుటి సీటులో ఒక కుటుంబం కళావీధి చూసి వస్తోంది. పిల్లలు ఫోన్లో ఆ పసుపు గోడనే చూసుకుంటున్నారు. అందరి ముఖాల్లో సంతోషం ఉంది, అది అబద్ధం కాదు. నగరి వెళ్ళేవాళ్ళు తెల్లవారేసరికి ఆ వీధిలో ఉండాలని మీకోసం రాద్దామనుకున్నాను. ఇక అవసరం లేదు. పదకొండింటికి వెళ్ళినా చాలు.