మన ఎండకు జపాన్ కారును అలవాటు చేసిన ఓబులేసన్న

పెన్నోబులేసు గారు ఇక లేరన్న వార్త నాకు తరగతి గదిలో తెలిసింది. పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతుండగా అటెండరు గుమ్మంలో నిలబడి, "సార్, షెడ్డు ఓబులేసన్న పోయినాడంట. పొద్దున్నే గుండె నొప్పి వచ్చి ఆసుపత్రికి పోయేలోగానే..." అని ఆగిపోయాడు. నా చేతిలోని సుద్దముక్క బోర్డు మీద అలాగే నిలిచిపోయింది. ముందురోజు సాయంత్రం ఆయనతో కలిసి టీ తాగిన మనిషిని నేను. ఆ కంఠస్వరం ఇంకా చెవిలోనే ఉంది. అంతటి నిండైన మనిషి ఇంత హఠాత్తుగా నిష్క్రమించడం మనసు అంగీకరించని విషయం.

ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంట పుట్టిన ఓబులేసన్న, మగ్గం విడిచి బళ్లారి లారీ షెడ్లలో పని నేర్చుకుని, అనంతపురంలో రేకుల షెడ్డు వేసుకున్నారు. డెబ్బైల చివర మన ప్రాంతం నుంచి గల్ఫుకు వెళ్లినవారు తిరిగి వస్తూ జపాన్ కార్లు తెచ్చుకోవడం మొదలైంది. కార్లు వచ్చాయి గానీ విడిభాగాలు రాలేదు. చిన్న ముక్క విరిగినా బండి మూలపడేది. మెకానిక్కులు వాటి బానెట్ ఎత్తడానికే జంకే రోజుల్లో, ఆయన జపాన్ లిపిలో ఉన్న పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి బొమ్మలు చూస్తూ కూర్చునేవారు. "అక్షరాలు రాకుంటే ఏమి సార్, బొమ్మ తెలుగులోనే ఉండాది గదా" అని నవ్వేవారు.

ఆయన సలహా నిర్మొహమాటంగా ఉండేది. ఒకసారి బట్టల వ్యాపారి ఒకాయన తన చిన్న జపాన్ కారులో పెద్ద ఇంజను పెట్టమని వచ్చాడు. ఓబులేసన్న చక్రం విప్పి బ్రేకు చూపించారు.

"ఇది చూడప్పా. ఈ ఇంజనును ఆపేదానికి చేసిన బ్రేకు ఇది. నువ్వు పెట్టమనే ఇంజనును ఇదేం ఆపుతుంది? ముందు బ్రేకులు మార్చు, తర్వాత స్ప్రింగులు, తర్వాత గేర్‌బాక్సు. అన్నీ మార్చినాక ఈ బండి యాడుంటుంది?"

"నీకెందుకన్నా అవన్నీ? నేను చెప్పింది చెయ్."

"చెయ్యను. నువ్వు పోయే దోవలో నా పిల్లోళ్లు గూడా నడుస్తాంటారు."

ఆ వ్యాపారి కోపంగా వెళ్లిపోయాడు. నెల తిరక్కముందే అదే కారును పాత ఇంజనుతోనే సరిచేయించుకోవడానికి వచ్చాడు. ఓబులేసన్న పాత మాట ఎత్తనే లేదు.

ఆయన ప్రతిభకు శిఖరం డాక్టర్ వసుంధరమ్మ గారి కారు. కువైట్‌లో పనిచేసి వచ్చిన ఆ తల్లి, స్టీరింగు ఎడమవైపున్న ఆకుపచ్చ జపాన్ కారులో శింగనమల మొదలు విడపనకల్లు దాకా పల్లెలన్నీ తిరిగి పురుళ్లు పోసేవారు. కరువు పట్టిన ఒక వేసవిలో ఆ కారు ఇంజనును చల్లబరిచే వాటర్ పంపు పూర్తిగా పాడైంది. కొత్తది జపాన్ నుంచి రావాలంటే నెలలు పడుతుందని మద్రాసు కంపెనీ నుంచి జవాబు వచ్చింది.

ఓబులేసన్న రెండు రోజులు ఆలోచించి, జీపు పంపు బిగిద్దామన్నారు. రెండింటి బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో మందపాటి ఇనుపపలక ఒకటి చేసి, ఒకవైపు కారు ఇంజనుకు, మరోవైపు జీపు పంపుకు సరిపడేలా రంధ్రాలు వేశారు. ఫ్యానుకు చోటు చాలక రేడియేటరును రెండు వేళ్లు ముందుకు జరిపారు. పంపు ఎంత వేగంగా తిరగాలో, బెల్టుతో దాన్ని తిప్పే పుల్లీ ఎంత ఉండాలో లెక్కకట్టే పని నాకు అప్పగించారు. నేను కొలిచాను, లెక్కించాను, మా కాలేజీ వర్క్‌షాపు లేతు మీద పుల్లీ చేయించి ఇచ్చాను.

పరీక్షకు రాప్తాడు దాకా వెళ్లేసరికి రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మింది. రోడ్డు పక్కన నిలబడి డాక్టరమ్మ, "ఏమైంది ఓబులేసూ?" అన్నారు.

"తప్పు నాదేనమ్మా. ఇంకొక దినం ఇయ్యండి" అన్నారాయన.

షెడ్డుకు చేరాక నన్ను ఇంజను దగ్గరికి పిలిచారు. "సార్, లెక్క సరిగ్గానే ఉండాది. కొలతే తప్పింది. ఇంజను కింది పుల్లీలో బెల్టు లోతుగా కూర్చుంటాంది. మీరు అంచు కొలిచినారు. అందుకే పంపు మెల్లగా తిరుగుతాంది."

సిగ్గుతో తల దించుకున్నాను. డాక్టరమ్మకు నిజం చెబుతానన్నాను. ఆయన చేయి అడ్డం పెట్టారు. "ఎందుకు సార్? ఆయమ్మ బండి ఇచ్చింది నా చేతికి. మీ చేతికి కాదు గదా."

మర్నాడు పంపుకు ఇంకా చిన్న పుల్లీ చేసి బిగించాం. బిగించిన గంటకే విడపనకల్లు నుంచి కబురు వచ్చింది. తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది, బస్సు సాయంత్రం దాకా లేదు. మిట్టమధ్యాహ్నం. మరమ్మతు ఇంకా పరీక్షించనే లేదు. డాక్టరమ్మ ఆయన ముఖంలోకి చూశారు.

"పోతుందా?"

"పోతుందమ్మా. నేనూ వస్తా."

ఆమె నడిపారు. ఆయన పక్కన, నేను వెనుక. తారు కరిగి టైర్లకు అంటుకుంటోంది. ఉరవకొండ దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను వేడి చూపే ముల్లు పైకి జరగడం మొదలైంది. "గేరు తగ్గించమ్మా, ఎక్సలరేటరు వదలొద్దు. పంపు తిరిగేకొద్దీ చల్లబడుతుంది" అన్నారు ఓబులేసన్న. ముల్లు ఆగింది. మెల్లగా దిగింది. మధ్యలో నిలబడి ఆ ఊరు చేరేదాకా కదలలేదు.

డాక్టరమ్మ లోపలికి పరుగెత్తారు. మేము అరుగు మీద కూర్చున్నాం. చాలాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి కూడా క్షేమమేనని ఆ ఇంటి ముసలావిడ బయటికి వచ్చి చెప్పింది. ఓబులేసన్న లేచి కారు దగ్గరికి వెళ్లి, రేడియేటరు మీద అరచేయి ఆన్చి, "భేష్!" అన్నారు. ఆ ఒక్కమాటలోని విజయగర్వాన్ని నేను ఇంకే సన్మానసభలోనూ చూడలేదు.

కొత్త పంపు ఎట్టకేలకు వచ్చింది. దాన్ని తెచ్చిన మద్రాసు ఇంజనీరు బానెట్ ఎత్తి లోపలికి వంగి చూశాడు. తర్వాత నోటుపుస్తకం తీసి ఆ పలక కొలతలు రాసుకున్నాడు. ఎవరు రూపొందించారని అడిగితే ఓబులేసన్న నా వైపు చూపించి, "సారు లెక్క, నా చెయ్యి" అన్నారు. తెచ్చిన పంపును డాక్టరమ్మ బిగించనివ్వలేదు. "ఇది మన ఎండ చూసిన పంపు. ఇదే ఉండనీ" అన్నారు.

నా తప్పును తనమీద వేసుకుని, తన ఘనతలో నాకు వాటా ఇచ్చిన మహామనీషి ఆయన. ఆనాడు షెడ్డులో ఆయన చేయి అడ్డం పెడితే ఊరుకున్న నేను ఇన్నేళ్లకు ఈ అక్షరాల్లో నిజం ఒప్పుకుంటున్నాను. చదివి డాక్టరమ్మ ఏమంటారో తెలియదు. ఓబులేసన్న అయితే "ఇప్పుడెందుకు సార్" అని నవ్వేవారు.

అంత్యక్రియల నాడు బళ్లారి నుంచీ, కడప నుంచీ జపాన్ కార్లు వచ్చాయి. ఏ ఒక్కటీ మరొక బండి వెనుక కట్టించుకుని రాలేదు. అన్నీ సొంత ఇంజను బలంతో, రోడ్డు పొడవునా బారుతీరాయి. మన మెట్టనేల మీద ఒక శ్రమజీవికి ఇంతకన్నా గొప్ప వీడ్కోలు నేనెరుగను.

నిన్న ఆయన పోయిన సంగతి తెలియని ఎవరో బళ్లారి నుంచి ఆయన పేర రాసిన కార్డు షెడ్డుకు వస్తే, పిల్లలు నాకు తెచ్చిచ్చారు. "అన్నా, మూడో గేరు పడటం లేదు. ఏం చేయమంటావు?" అని అందులో ఉంది. రాయగలిగినంత రాశాను. ఆయనైతే ఇంకొక్క మాట ఏదో రాసేవారు. అదేమిటో నాకు తెలియలేదు.