మునసబు కుర్చీలో పుట్టినరోజు పిల్లలు

మా ముత్తాత చెంగమనాయుడు, ఆయన కొడుకు, మా తాత దొరస్వామినాయుడు, ఇద్దరూ నగరి పట్టణానికి పడమరన ఉన్న మా ఊరికి వరసగా మునసబులు. పొలం గట్టు తగాదా మొదలుకొని పెండ్లి పంచాయతీ దాకా ఏదైనా మా వాకిట్లోనే తేలేది; మా ఇంటి ముందర నడిచేటప్పుడు గొడుగు మడిచి, చెప్పులు చేత పట్టుకొని పోయేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. ఇప్పుడు తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. డిసెంబరు మూడో వారం వచ్చిందంటే కింది ఇంటివాళ్ళు క్రిస్మస్‌కు పిండివంటలు మొదలుపెడతారు. గులాబీపువ్వుల అచ్చును కాగిన నూనెలో ముంచినప్పుడు లేచే కొబ్బరిపాలు, కోడిగుడ్డు, ఏలకుల వాసన మెట్లెక్కి పైకి వస్తుంది. వాళ్ళు పంపిన గిన్నెను నేను ఎప్పుడూ ఉత్తగా తిప్పి పంపలేదు. కానీ ఆ వాసన తగిలిన ప్రతిసారీ మా ఊరి హరిజనవాడ చివర ఉండిన పెంకుల చర్చి, దాని ముందర ఈతచాపల మీద కూర్చున్న పిల్లలు కళ్ళముందుకు వస్తారు.

మా ఇంట్లో చలికాలమంటే అనపకాయలు. పొద్దున్నే గంపలకొద్దీ కాయలు వాకిట్లో కుమ్మరిస్తే, వలిచి నానబెట్టిన గింజలను మా అవ్వ బొటనవేలితో టుప్పుటుప్పుమని పితికి, వేడివేడి సంగటిలోకి పితికిపప్పు వండేది. మొదట తాత తినాలి, తరువాత నాయన, వచ్చిన చుట్టాలు, ఆ తరువాత మిగిలితే పిల్లలు, అందరికన్నా చివర ఆడవాళ్ళు. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు నోరెత్తకూడదు, చుట్టాలు వస్తే పెరట్లోకి పోయి బిళ్ళంగోడు ఆడుకోవాలి. మా మీద ప్రేమ లేదని కాదు. తాత నిద్రపోతున్న నా తల నిమరడం నాకు తెలుసు. మేలుకొని ఉన్నప్పుడు నిమిరితే పిల్లలు చెడిపోతారని ఆయన నమ్మకం.

నాకు ఒక తమ్ముడు, మొగిలి. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి వాడి కుడికాలు సన్నబడి పోయింది. అవ్వ చంకలోనే పెరిగాడు. మునసబు ఇంట్లో అట్లాంటి బిడ్డ ఉన్నాడని పైవాళ్ళకు తెలియడం తాతకు ఇష్టం లేదు. ఎవరైనా వస్తే వాణ్ణి వడ్లు పోసే గదిలో చింతగింజలు, వామనగుంటల పీట ఇచ్చి కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసేవాళ్ళు. ఎంతమంది పిల్లలురా మీరు అని చుట్టాలు అడిగితే, నేనొక్కణ్ణే అని చెప్పడం నాకు నేర్పారు. తడబడకుండా చెప్పేవాణ్ణి.

చర్చి పక్కన ఒకే గదిలో బడి నడిపే మార్తమ్మ టీచరు ఏటా క్రిస్మస్ పందిరికి కొబ్బరిమట్టలు అడగడానికి మా పెరటి గేటు దగ్గరకు వచ్చేది. తల్లీతండ్రీ లేని ఆమెను చిత్తూరులో చర్చివాళ్ళ పిల్లల హాస్టలు పెంచింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఏడాది ఆమె మట్టలు ఏరుకుంటూ, వడ్ల గది కిటికీలోంచి చింతగింజలు రాలడం చూసి ఆగిపోయింది.

"లోపల ఎవురుండారు నాయనా?"

"ఎవురూ లేరు. పిల్లి," అన్నాను.

"నేను పిల్లి కాదు," అని లోపలినుంచి మొగిలి గట్టిగా అరిచాడు.

ఆమె నవ్వుతూ కిటికీ కింద గొంతుక్కూర్చుంది. "పిల్లివి కాకపోతే పేరు చెప్పు సూద్దాం."

ఆరోజు ఆమె కొబ్బరిమట్టలు అక్కడే వదిలేసి, ఎన్నడూ లేనిది, మా తాత ఎదుటికి వచ్చి నిలబడింది. చిన్నబిడ్డను బడికి పంపమని అడిగింది.

"కుంటోణ్ణి పంపి ఊర్లో నవ్వులపాలు కమ్మంటావా?" అన్నాడు తాత.

"మాలో ఎవురు గొప్ప అని శిష్యులు అడిగితే మా ప్రభువు ఒక బిడ్డను పిలిచి అందరి నడిమిన నిలబెట్టినాడయ్యా. మూల గదిలో దాచిపెట్టలేదు."

లోపలినుంచి అవ్వ అంది: "నా నడుము పడిపోయినాక వాణ్ణి ఎవురు ఎత్తుకుంటారు? పోనీ."

తాత ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. చెంగమనాయుడి మునిమనవడు ఆ పిల్లలతో చాప మీద కూర్చోకూడదు. అందుకని మా ముత్తాత పంచాయతీ చెప్పిన టేకు కుర్చీని, చేతులకు సింహం తలలున్నదాన్ని, మొగిలితో పాటు ఎద్దులబండిలో వేసి పంపాడు. ఇద్దరు మనుషులు మోయవలసిన కుర్చీ అది. మార్తమ్మ దాన్ని గోడ వారగా వేయించి వాణ్ణి అందులో కూర్చోబెట్టింది. వాడికి కింద పిల్లల పలకలు కనబడవు, ఆట అందదు. మూడో రోజు నేను తీసుకురావడానికి పోయేసరికి వాడు చాప మీద ఉన్నాడు. "వాడే జారి దిగినాడు, నేను దించలేదు," అంది టీచరు.

ఆదివారాలు బడిపిల్లలతో పాటు వాడు చర్చికీ పోయేవాడు; దిగబెట్టడం నా పని కాబట్టి నేనూ గుమ్మం దాకా పోయేవాణ్ణి. అక్కడ అంతా మా ఇంటికి తలకిందులు. పిల్లలు ముందు వరసలో, పెద్దలు వెనక. హార్మోనియం, కంజిర మోగుతుంటే పిల్లలు కంఠతా పట్టిన వాక్యాలు అప్పజెప్పేవాళ్ళు, తప్పితే ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దాచి, వారం చివర తెచ్చి బుట్టలో పోసేవాళ్ళు. అది చిత్తూరు హాస్టలు పిల్లల కూటికి. తమ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగని వాళ్ళు కూడా పోసేవాళ్ళు. ఎక్కడి పిల్లలకో వీళ్ళెందుకు పోస్తారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కుర్చీని మాత్రం మార్తమ్మ ఊరకే ఉంచలేదు. ఆదివారం దాన్ని ముందరికి జరిపి, ఆ వారంలో పుట్టినరోజు వచ్చే బిడ్డను అందులో కూర్చోబెట్టేది. కూటమంతా లేచి నిలబడేది. పాస్టరు అయ్యగారు ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు.

ఒక ఆదివారం పొద్దున ఈ సంగతి తాత చెవిన పడింది. మా పేడకళ్ళు ఎత్తే మునెమ్మ కూతురు చెంగమనాయుడి కుర్చీలో కూర్చుందని ఎవరో మోసుకొచ్చారు. తాత చేతికర్ర తీసుకున్నాడు. "పదరా. కుర్చీ తెచ్చుకుందాం. వాణ్ణి గూడా తెచ్చుకుందాం. సదువు సాలు." వాడు తిరిగి వస్తే మళ్ళీ వడ్ల గదే.

మేం గుమ్మం చేరేసరికి ప్రార్థన నడుస్తోంది. కుర్చీలో మరో నాలుగేళ్ళ పిల్ల, నూనె కారే జడలు, నేలకు అందని కాళ్ళు. ముసలివాళ్ళు, చంకబిడ్డల తల్లులు, అయ్యగారు, అందరూ తలలు వంచి నిలబడి ఉన్నారు. తాత కర్ర ఎత్తబోయి ఆగిపోయాడు. ముందు వరసలో, గోడకు కట్టిన వెదురుబొంగు పట్టుకొని, మెడ నరాలు బిగించి, మొగిలి నిలబడి ఉన్నాడు. వాడు నిలబడగా మా ఇంట్లో ఎవ్వరమూ అంతవరకు చూడలేదు. వాణ్ణి నిలబడమని ఎవ్వరమూ అడగలేదు మరి.

ప్రార్థన అయినాక మార్తమ్మ గబగబా వచ్చింది. "కుర్చీ తీసుకోని పోండయ్యా. బిడ్డను వదిలిపెట్టండి. నీ పుట్టినరోజు ఎప్పుడురా అని అడిగితే నాకు లేదన్నాడు."

తాత ఎక్కడినుంచో వచ్చిన మనిషిలాగా తన మనవణ్ణే చూస్తున్నాడు. చివరికి, "తేదీ చెప్పి పంపిస్తా," అని వెనక్కి తిరిగాడు. దారిలో కర్ర నా చేతికిచ్చి, నా భుజం పట్టుకొని నడిచాడు.

మా ఇంట్లో నక్షత్రాలే గానీ తేదీలు ఎవరికీ తెలియవు. ఆ సాయంత్రం తాత జాతకాల పెట్టె తీయించి, పురోహితుణ్ణి పిలిపించి, ఇంగ్లీషు తేదీ కట్టమన్నాడు.

"తేదీ ఎందుకు నాయుడుగారూ, మతంలో గానీ కలిసినారా?" అని పురోహితుడు ఇకిలించాడు.

"నా మతం నేను చూసుకుంటా. నువ్వు తేదీ చూడు."

ఫిబ్రవరిలో మొగిలి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ, తాత వెనక వరసలో నిలబడ్డారు. మేం మతం మారలేదు. మార్తమ్మ మారమని ఎన్నడూ అడగలేదు. ఆ తరువాత చుట్టాలు వస్తే తాత, "వీడు నా చిన్న మనవడు, రెండో ఎక్కం వెనకనుంచి చెబుతాడు," అని వాడి చేత చెప్పించేవాడు. వాడు వెనకనుంచి చెప్పేలోగా చుట్టాల కాఫీ చల్లారిపోయేది.

మొగిలి చిత్తూరు హాస్టల్లో ఉండి చదివాడు. ఇనుప పట్టీల బూటు వేసుకొని నడిచాడు. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టరుగా చేసి పుత్తూరులో స్థిరపడ్డాడు. వాడి క్లాసులో వెనక బెంచీ ఉండేది కాదట. బెంచీలన్నీ గుండ్రంగా వేయించేవాడని వాడి శిష్యులు నాకు చెప్పారు. ఇప్పుడు మా ఊళ్ళో ఆ పెంకుల చర్చి లేదు, పాలరాళ్ళు పరిచిన కొత్తది లేచింది. ఒంటి గది బడి మూతపడి, పిల్లలు పసుపుపచ్చ వ్యాన్లలో పోతున్నారు. మునసబు కొలువులు సర్కారు ఎప్పుడో తీసేసింది.

పోయిన వేసవిలో మిగిలిన తోటను మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళకు అమ్మాం. రిజిస్ట్రారు ఆఫీసులో, పెద్దాయన ముందు రండి అన్నారు. నేను లేవలేదు, మొగిలిని పంపాను. నాలుగున్నర ఎకరాలు, తోతాపురి చెట్లు, బావి, మోటారు కొట్టం కలిపి వాళ్ళకు రాసిచ్చాం. మొదటి సంతకం మా తమ్ముడిది.