కాడల్లేని డాఫొడిల్స్

మా హారిసన్ వీధిలో సీతాదేవి ఆంటీకి తెలియని విషయం లేదు, కనీసం ఆవిడ లెక్కలో. తెనాలి నుంచి ఆస్ట్రేలియా వచ్చి, కాన్‌బెర్రా ఆఫీసుల్లో పాతికేళ్లు పనిచేసి రిటైరయింది. ఇంగ్లీషు దంచేస్తుంది. పువ్వు మాత్రం ఆవిడ దృష్టిలో దేవుడి కోసమే పూస్తుంది.

పక్కింటి జోన్‌కి మోకాలి ఆపరేషన్ అయింది, వంగలేకపోతోంది. ఆమె వాకిట్లో డాఫొడిల్స్ విరగబూశాయి. చలికాలం వెళ్లిపోతోందని అందరికంటే ముందు చెప్పే పసుపుపచ్చటి పూలవి. ఉల్లిపాయల్లాంటి ఆ దుంపల్ని ఆమె భర్త బ్రయన్, క్యాన్సర్‌తో పోయే ముందు, తన చేత్తో నాటాడు. ఆగస్టులో ఇక్కడ క్యాన్సర్ రోగుల కోసం డాఫొడిల్ డే చేస్తారు. గుత్తులు కట్టి అమ్ముతారు. ఈసారి అమ్మే బల్ల మీద బ్రయన్ పూలే ఉండాలని జోన్ పట్టుదల. పొద్దున్నే కోసిపెట్టమని ఆంటీని అడిగింది.

ఆంటీ తలస్నానం చేసి, చలికి వణుకుతూ వెళ్లి కోసింది. ఎలా? పూజకి కోసినట్టే. ఒక్క పువ్వూ వదల్లేదు, ఒక్క కాడా తేలేదు.

బుట్ట చూసి జోన్ తెల్లబోయింది. "కాడలేవి, సీతా?"

"కాడలెందుకు? అవి తోటలోనే ఉన్నాయి," అంది ఆంటీ గర్వంగా.

జోన్ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. అప్పుడర్థమైంది ఆంటీకి. వెంటనే నాకు ఫోను.

"ఒసేయ్ తన్మయీ, కొంప మునిగిందే! సూదీ దారం పట్టుకుని అర్జెంటుగా రా. డోంట్ ఆస్క్ వై!"

ఇద్దరం కూర్చుని దండలు గుచ్చాం. ఆ పూల జిగురుకి వేళ్లు ఒకటే దురద. ఆంటీ పూలని తిట్టింది, తనని తిట్టుకుంది, నవ్వుతున్నందుకు నన్నూ తిట్టింది. నేను నవ్వు ఆపి ఇంకో సూదికి దారం ఎక్కించాను.

దగ్గర్లోని గంగాలిన్ షాపుల ముందు మా దండల వైపు మొదట ఎవరూ రాలేదు. డ్యూటీ దిగిన ట్రామ్ డ్రైవర్ ఒకాయన ఒకటి కొని మెళ్లో వేసుకున్నాడు. ఇక చూడండి, అందరికీ కావాలి! మధ్యాహ్నానికి ఒక్కటే మిగిలింది, అదీ జోన్ ఎవరికీ ఇవ్వనన్నందుకు.

సాయంత్రం ఆంటీ పులిహోర చేసుకుని జోన్ దగ్గరికి బయల్దేరింది, ధైర్యానికి నన్ను వెంటబెట్టుకుని. హాల్లో బ్రయన్ ఫొటోకి ఆ దండ వేసి ఉంది. అలా వెయ్యమని మాలో ఎవరమూ చెప్పలేదు.

"ఇలా వెయ్యొచ్చో లేదో తెలీదు. వెయ్యాలనిపించింది," అంది జోన్.

ఆంటీ గిన్నె నా చేతిలో పెట్టి, ఒక పక్కకి జారిన దండని సరిచేసి, అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"వచ్చే ఏడు కూడా నువ్వే కొయ్యాలి," అంది జోన్. "కాడలు అక్కర్లేదు."