చిక్కుడు పందిరి మీద పడ్డ సేవ

సేవ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. జనగామ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడం చాలదన్నట్టు, సేవా శిబిరం కూడా నా నెత్తినే రుద్దారు. పిల్లలు ఆదివాసుల జీవితాన్ని, సామాజిక న్యాయాన్ని దగ్గరుండి నేర్చుకోవాలట. అలా ఒక చలికాలం, బస్సు నిండా పిల్లలనీ చీపుర్లనీ వేసుకుని, భూపాలపల్లి వైపు ఘనపూర్ దాటి ఒక కోయగూడేనికి పోయాం.

దిగీ దిగగానే మావాళ్లు వాకిళ్లు ఊడ్చేశారు. అవి పొద్దున్నే అలికిన వాకిళ్లు. మేం ఊడ్చాకే వాటి మీద చెత్త కనిపించింది. సాయంత్రం గూడెం వాళ్లతో సహపంక్తి భోజనం చెయ్యాలి, ఫోటోలు పంపాలి అని ప్రిన్సిపాల్ ఒకటే ఫోన్లు.

గూడెం చివర ఒక అవ్వ ఇల్లు. ఆమే, కొత్తగా కాపురానికొచ్చిన కోడలూ మిరప చేనుకు కూలికి పోయారు. పెరట్లో పందిరి నిండా చిక్కుడుకాయ. పెద్దవంగర నుంచి వచ్చి మా దగ్గర చదువుకునే ఒక రైతుబిడ్డ అది చూసి ఆగలేకపోయింది. కాయ ముదురుతుంటే తీగ మీద వదిలెయ్యడం ఆ పిల్ల ఇంటావంటా లేదు. నేను బియ్యం కడిగించే గొడవలో ఉన్నాను. చూసేసరికి కూర పొయ్యి మీద ఉడుకుతోంది.

"పాపం, అవ్వకు తెంపేటోళ్లు లేరు మేడం, మేమే తెంపినం" అంది, మెచ్చుకుంటాననుకుని.

అవ్వ వచ్చి పందిరి చూసి అక్కడే కూలబడింది. "ఇంకా కొత్త గాలే గద బిడ్డా!" అంది.

చిక్కుడుకు కొత్తల పండుగ చేసి ఇలవేల్పుకు పెట్టందే ఆ గూడెంలో ఎవరూ నోట పెట్టరు. ఎవరింటి కాయ వాళ్లే పెట్టాలి. ఈసారి కోడలి చేత పెట్టించాలని అవ్వ ఆ పందిరిని కళ్లలో పెట్టుకుని కాపాడింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకు మేడం, ఘనపూర్‌ల కొనుక్కొస్తం" అన్నాడు మావాడొకడు. పుండు మీద కారం చల్లినట్టు అప్పుడే ప్రిన్సిపాల్ ఫోను: "భోజనాలు మొదలైనయా?" భోజనాలా! గూడెం నుంచి ఒక్కరూ వచ్చి కూర్చోలేదు. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

పొద్దుగూకక ముందే గూడెం పెద్ద వచ్చి పందిరి పైకి తేరిపార చూశాడు. మావాళ్ల చేతికందని చోట కొన్ని గుత్తులు మిగిలాయి. అవి ముదరక ముందే, రేపే పండుగ చేద్దామని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. ఒక్క ఇంటి కోసం గూడెమంతా పండుగను ముందుకు జరుపుకుంది. కోడలు కళ్లు తుడుచుకుని, ఇంకెవరైనా తెంపడానికి వస్తారేమోనన్నట్టు పందిరి కిందే నిలబడింది.

మా పిల్ల పోయి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "తప్పయింది అవ్వా. రేపు పండుగకు మేం గూడ వస్తం. పనులన్ని మేమే జేస్తం."

అవ్వ దాని తల నిమిరింది.

"వద్దు బిడ్డా. మీరొస్తే మల్ల ఏదన్న సాయం జేస్తరు."

తెల్లారి డోలు మోగక ముందే చీపుర్లు బస్సులో వేసుకుని జనగామ దారి పట్టాం.