దిగుబడి ఉన్నంత కాలం

సదరు గారి అసలు పేరుతో పిలిచేవాళ్ళు పోయి చాలా కాలమైంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, కాళ్ళు ఊగే బల్ల ముందు కూర్చుని ముప్పై రెండేళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. రాసి రాసి ఆ భాష నోటికి అంటుకుపోయింది. టీ కొట్లో గ్లాసు ఎత్తి "సదరు టీలో పంచదార తగ్గిందోయ్" అనేవాడు. నవ్వించడానికి కాదు, అలాగే వచ్చేది. ఊరంతా సదరు గారు అంటే, వదిన మాత్రం "సదరు మరిది గారూ" అని సాగదీసేది, ఆయన అన్నం చల్లారబెట్టుకుని కాగితాల్లో తల దూర్చినప్పుడు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క గర్వం, తను రాసిన కాగితం ఏనాడూ కోర్టులో ఓడిపోలేదని. ఆ మాట తను చెప్పుకునేవాడు కాదు. ఎవరైనా చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

గ్యాస్ కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలు. చెప్పులు గుమ్మం బయటే విప్పేది, ముసలివాళ్ళని కూర్చోమని తను నిలబడేది. ఒకే మాటని ఎన్ని ఇళ్ళలో అయినా అదే గొంతుతో చెప్పేది కాబట్టి వదిన ఆమెకి చిలక అని పేరు పెట్టింది. రోడ్డు వెంబడి పదకొండు మంది పొలాలు కౌలుకి కావాలంది. బావులు తవ్వేది ప్రతి పొలంలోనూ ఒక మూల మాత్రమేనట, మిగతాదంతా ఎప్పటిలా దున్నుకోవచ్చట. ఒక్కొక్కళ్ళకీ పద్నాలుగు పేజీల కాగితం ఇచ్చి, వారం రోజులు ఆలోచించుకోమని వెళ్ళింది.

పదకొండు మందీ పద్నాలుగు పేజీలూ పట్టుకుని సదరు గారి దగ్గరకే వచ్చారు.

వదినది నాలుగెకరాలు. ఆ వరసలో తియ్యటి నీళ్ళు పడేది ఆమె పొలంలోనే. అన్న పోయాక తొమ్మిదేళ్ళుగా ఒంటిచేత్తో సాగు చేసుకుంటోంది. ఆమె గుమ్మంలో కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తూ, మరిది చదివినంతసేపూ విని, చివర్లో అడిగింది.

"అదంతా నాకెందుకు గానీ, ఒక్కటి చెప్పు. నా పొలం నాకు తిరిగొస్తుందా?"

"వస్తుంది వదినా. ఇదిగో, ఇక్కడ రాశారు. 'ఈ కౌలు మూడు సంవత్సరములు, ఆపైన సదరు భూమి నుండి దిగుబడి వచ్చుచున్నంత కాలము అమలులో ఉండును.' అర్థమైందా? నేల పండుతున్నంత కాలమే వాళ్ళకి చోటు. మన పొలం పాడు చేశారనుకో, పంట పోతుంది. పంట పోతే దిగుబడి లేదు. దిగుబడి లేకపోతే కౌలు లేదు. పాడు చేస్తే వాళ్ళే ఖాళీ చేసి పోవాలి. గట్టి షరతు ఇది."

"అంత మంచి షరతు వాళ్ళే ఎందుకు రాసుకున్నారు?"

"చట్టం ఉంటుంది కదా."

ఆయన అబద్ధం చెప్పలేదు. ముప్పై రెండేళ్ళలో కొన్ని వందల కౌలు కాగితాలు రాశాడు. ప్రతిదాంట్లోనూ దిగుబడి అంటే వడ్లో, కందులో, మొక్కజొన్నో. ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఆయనకి తట్టనే లేదు. పదకొండు మందికీ అదే చెప్పాడు. పదకొండు మందీ సంతకాలు పెట్టారు. వదిన వేలిముద్ర వేసి, ఆ వేలు చీర కొంగుకి తుడుచుకుంది.

బావులు పడ్డాయి. గ్యాస్‌తోపాటు పైకొచ్చే ఉప్పునీళ్ళకి వదిన పొలం మూల ఒక గుంట తవ్వి, నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచారు. రెండో ఏడు వానలకి పట్టా ఎక్కడో చిరిగింది. గుంట చుట్టూ నేల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర లేచింది. మొక్కజొన్న మోకాలెత్తు దాకా వచ్చి అక్కడే పసుపెక్కిపోయింది. ఆమె మంచినీళ్ళ బావిలోంచి తోడిన నీళ్ళలో ఎద్దు మూతి పెట్టి వెనక్కి తీసుకుంది.

వదిన రెండు రోజులు తిండి మానేసింది. మూడో రోజు తనే లేచి వచ్చి, "పోనీలే, కాగితం ఉంది కదా. ఇక ఖాళీ చేసి పోతారు" అంది. ఆయనని ఓదారుస్తున్నట్టే అంది.

అప్పుడు సదరు గారు ఇంకో సలహా ఇచ్చాడు. రోడ్డు వైపు ఎకరన్నర ఇంకా చెడలేదు. దాంట్లో పండితే, దిగుబడి ఉంది కదా అని కంపెనీ వాళ్ళు కూర్చుండిపోతారు. "మూడో ఏడు ఒక్క గింజ కూడా వెయ్యకు వదినా. కౌలు శుభ్రంగా తెగిపోతుంది."

వెయ్యలేదామె. విత్తనాలు డబ్బాలో పురుగు పట్టిపోయాయి. దున్నడానికి వచ్చినవాణ్ణి గట్టు మీద నుంచే వెనక్కి పంపింది. మంచి నేల ముళ్ళపొదలు ఎక్కుతుంటే, పైగా సంతోషించింది. మిగతా పదిమందిలో నలుగురు ఆమెని చూసి తమ పొలాలూ బీడు పెట్టారు.

మూడేళ్ళు నిండిన మర్నాడు వదినా మరిదీ కంపెనీ షెడ్డుకి వెళ్ళారు. రేకుల గది, పక్కనే మిషను గుండె అదిరేలా కొట్టుకుంటోంది. చిలక ఇద్దరికీ కుర్చీలు వేసింది. సదరు గారు కాగితం తెరిచి, పొలంలో రెండో ఏడు పంట పోయిందని, మూడో ఏడు అసలు వెయ్యనే లేదని, కాబట్టి కౌలు తీరిపోయిందని వివరించాడు. ఆ అమ్మాయి చివరిదాకా విన్నది.

"పంట వెయ్యలేదా? ఎందుకండీ?"

"దిగుబడి ఉండకూడదు కదా."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అయ్యాక మొహం పాలిపోయింది.

"దిగుబడి అంటే గ్యాస్ అండీ. బావిలోంచి వచ్చేది. గ్యాస్ వస్తున్నంత కాలం కౌలు ఉంటుంది. మీరు... అందరూ ఇలాగే అనుకున్నారా?"

మిషను మోతలో వదినకి ఒక్క ముక్క వినపడలేదు. "ఏమంటోంది?" అని మరిది చెయ్యి కదిపింది. మళ్ళీ కదిపింది. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి, మొట్టమొదటిసారి ఏ దస్తావేజు మాటా లేకుండా చెప్పాడు.

"నేను తప్పు చదివాను వదినా. పొలం రాదు."

"ఎన్నాళ్ళు?"

ఆయన అడిగాడు. ఆ అమ్మాయి తలదించుకునే, ఇరవై అయిదేళ్ళు, ఎక్కువే కావచ్చు అంది. వదినకి అరవై ఒకటి.

టీ కొట్టు దగ్గర మిగతా పదిమందీ కాసుకుని ఉన్నారు. సదరు గారు నిలబడే చెప్పాడు. పొలాలు బీడు పెట్టిన నలుగురిలో ఒకడు, ఊళ్ళో పాలు పోసే పాలాయన, ముందుకొచ్చాడు.

"ఎందుకు ఎండబెట్టుకున్నాం మరి? నీ సదరుకి మా నేల బలిచ్చామా? ముప్పై ఏళ్ళు ఏం రాశావయ్యా అక్కడ కూర్చుని, ఆవు ఈనిందని ఉత్తరాలా?"

ఎవరూ నవ్వలేదు. పాలాయన చెయ్యెత్తాడు కూడా. వదిన మధ్యలోకి వచ్చింది.

"చెయ్యి దించు. ఆయనొక్కడే చదివాడా? పదకొండు మందిమి తలలూపలేదూ? నీ కొడుకు పట్నంలో చదువుకున్నాడుగా, వాడికెందుకు చూపించలేదు? ఇక్కడ ఊరికే అవుతుందని. ఇప్పుడు ఈ ముసలాణ్ణి కొడితే మీ బీడు పచ్చబడుతుందా? నడవండి."

నడిచారు. ఆమె అంతలా వెనకేసుకొస్తుందని సదరు గారు అనుకోలేదు. ఆమె ముందు నడిచింది. తన ఇంటి మలుపు దగ్గర ఆగలేదు. నేరుగా ఆయన ఇంటికి వచ్చి, గడప లోపల నిలబడింది.

"నా కాగితాలు ఇచ్చెయ్."

అన్న పోయినప్పటి నుంచీ ఆమె కాగితాలన్నీ ఆయన పెట్టెలోనే ఉన్నాయి. ఆయన అడ్డు చెప్పలేదు. తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ ఎత్తి, తలకిందులుగా పట్టుకుని చూసి, పక్కన పెట్టింది.

"ఇందులో పొలం నాదని రాసింది ఏది?"

చూపించాడు. దాన్ని విడిగా మడిచి రవికలో దోపుకుంది. మిగతావి గుడ్డలో మూట కట్టింది.

"ఎవరితో చదివించుకుంటావు వదినా?"

"ఎవరితోనూ చదివించుకోను" అని, మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.