మా మేనత్త, ఆమె బర్రె లోను

మా మేనత్త పోయింది. కబురు వచ్చేసరికి నేను నారాయణఖేడ్‌లో నా జిరాక్స్ దుకాణంలో ఉన్నాను. కరెంటు పోయి, ఎవరిదో పట్టా పాసుబుక్కు నకలు మిషన్‌లో సగం ఇరుక్కుని ఉంటే దాన్ని లాగుతున్నాను. ఊరి పాస్టరు ఫోన్ చేశాడు. పొద్దున చర్చి ఊడ్వడానికి అత్త రాలేదట. ఇంటికి వెళ్లి చూస్తే నిద్రలోనే ప్రాణం పోయి ఉందట. మంచిగనే పోయింది, పరేషాన్ కాకు అన్నాడు. నేను పరేషాన్ కాలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె బర్రె లోను తీరిపోయిందని బ్యాంకువాళ్లు పోయిన నెలే కాగితం ఇచ్చారు. ఇన్నేళ్లు నన్ను ఆఫీసుల చుట్టూ తిప్పి, తీరా అంతా తేలాక ఒక్క వానాకాలమైనా చూడకుండా పోతే ఎవరికైనా ఒళ్లు మండదా?

మా ఊరు కంగ్టి దాటాక, కర్ణాటకను ఆనుకుని ఉంటుంది. వాన పడితే కంది, పెసర, పత్తి. పడకపోతే ఏమీ లేదు. దసరా దాటిందంటే సగం ఊరు చెరుకు కొట్టడానికి వెళ్లిపోయి హోళీకి తిరిగొస్తుంది. మామ బతికున్నన్నాళ్లూ అత్త ఆయనతో కలిసి వెళ్లేది. ఆయన పోయాక ఊరివాళ్లతో కలిసి వెళ్లేది. పిల్లలు లేరు. మెతుకు దొరకదన్న భయం కన్నా ఇల్లు విడవాల్సి వస్తుందన్న దిగులే ఆమెకు ఎక్కువ. పెళ్లయిన నాటి నుంచీ ఆమె క్రిస్మస్‌లన్నీ చెరుకు తోటల పక్కన, ఆకుల గుడిసెల్లోనే గడిచాయి. పన్నెండు నెలలూ సొంతింట్లో ఉండాలి, పండుగనాడు తన చర్చిలో తాను కూర్చోవాలి. ఆమె అడిగింది అంతే. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం బర్రె.

"బర్రె ఉన్నోళ్లను చెరుకుకు ఎవ్వలు తోల్కపోరు అల్లుడా. దానికి నీళ్లు పెట్టేటోళ్లు ఉండాలె గదా" అనేది.

సర్కారు సబ్సిడీ మీద పాడి బర్రెలు ఇస్తుందని ఎవరో చెప్పిన రోజు మొదలైంది నా తిప్పలు. అల్లుడికి ఖేడ్‌లో దుకాణం ఉంది, బండి ఉంది, నాలుగు అక్షరాలు వచ్చు. ఇంకేం కావాలి? ఆధార్‌లో ఆమెది చర్చిలో పెట్టిన పేరు, పాసుబుక్కులో పుట్టింటి వాళ్లు పిలిచిన పేరు. ఆ ఇద్దరూ ఒక్కటేనని సర్కారును ఒప్పించేసరికి నా బండికి టైర్లు మార్చాల్సి వచ్చింది. ఏ ఆఫీసుకు వెళ్లినా అత్త చెప్పులు గుమ్మం బయట విడిచేది. అది గుడీ కాదు, చర్చీ కాదు, వేసుకునే రావచ్చు అని మొత్తుకున్నా వినేది కాదు. ఒకరోజు ఆ చెప్పులు పోయాయి. మండుటెండలో బస్టాండు దాకా ఒట్టి కాళ్లతో నడుస్తూ ఆమె అన్న మాట మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మన ఫైలు కదల్లే గని, చెప్పులన్న కదిలినయి."

మొత్తానికి సగం సబ్సిడీ, సగం బ్యాంకు లోను మీద బర్రె వచ్చింది. పాలు ఇచ్చింది. అత్త రెండు క్రిస్మస్‌లు ఇంట్లోనే చేసుకుంది. మొదటి ఏడాది నన్ను పిలిచి, ఆ బర్రె పాలతోనే పాయసం వండి, గిన్నె నా ముందు పెట్టి, నేను చివరి చుక్క దాకా నాకే వరకు కదలలేదు. ఆమె ముఖంలో అంత నిమ్మళం నేను మళ్లీ చూడలేదు.

ఇక అసలు ఘనకార్యానికి వస్తాను. ఇలా వచ్చిన పశువులకు చెవికి పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ల కుడతారు. దాని మీద నంబరు ఉంటుంది. పశువు చనిపోతే వచ్చే బీమా అంతా ఆ నంబరు మీదే. బర్రెకు ఆ చెవి చీము పట్టింది. ఈగలు ముసిరి అది తల విదిలిస్తుంటే అత్తకు చూడబుద్ధి కాలేదు. బిళ్ల ఊడదీసి, పుండుకు పసుపూ వేపనూనే రాసి, బిళ్లను మాత్రం ఎర్ర దారంతో కొమ్ముకు కట్టింది. ఆమె లెక్కలో బిళ్ల బర్రె మీదే ఉంది, నంబరు కనబడుతూనే ఉంది, ఎవరికీ నష్టం లేదు. నేను చూసి లబలబలాడాను. అది చెవికే ఉండాలత్తా, సార్లు ఒప్పుకోరు అన్నాను.

"నీ చెవుల పుండయితే కమ్మ పెట్టుకుంటవారా?" అంది.

మరుసటి ఏడాది వానలు ముఖం చాటేశాయి. నీళ్లు లేక వాడిన లేత జొన్న పశువుకు విషం. అది మేసి బర్రె పొద్దుకల్లా చచ్చిపడింది. పశువుల డాక్టరును వెంటబెట్టుకుని నేను వెళ్లేసరికి, చేను గట్టున గొయ్యి తీసి, ఉప్పు చల్లి, పూడ్చేసి, నలుగురితో ప్రార్థన కూడా చేయించింది. ఇంటి మనిషిలాంటి దాన్ని ఎండలో పడేసి సార్ల కోసం కాపలా కాయమంటావా అని నన్నే తిట్టింది. తర్వాత కొమ్ముకు కట్టిన బిళ్లను కడిగి, కొంగున ముడివేసుకుని బీమా పైసల కోసం ఆఫీసుకు బయలుదేరింది.

అక్కడి సారు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చెవికి బిళ్ల ఉండగా తీసిన ఫోటో కావాలని, డాక్టరు కోసి చూసిన రిపోర్టు కావాలని, ఒట్టి బిళ్ల అయితే బతికున్న పశువు నుంచి కూడా ఊడదీసి తేవచ్చని ఓపికగా చెప్పాడు. అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"బర్రె నాది. సచ్చిందని నేను చెప్తున్న. ఇంకెవలు చెప్పాలె సారూ?"

రూలు ప్రకారం ఆయన మాట నిజం. మనిషి ప్రకారం ఈమె మాట నిజం. మధ్యలో బండి పెట్రోలు నాది. ఆఫీసువాళ్లు బ్యాంకుకు వెళ్లమనేవారు. బ్యాంకువాళ్లు పశువుల దవాఖానకు వెళ్లమనేవారు. దవాఖానవాళ్లు సంగారెడ్డిలో జిల్లా ఆఫీసుకు వెళ్లమనేవారు. సంగారెడ్డిలో, మీ ఆఫీసులో తేల్చుకోండి అనేవారు. పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే సాయం అత్త ఖాతాలో పడేది, పడగానే బ్యాంకు లోను కింద పట్టుకునేది. విత్తనాల పైసలు వచ్చాయా అని ఊరివాళ్లు అడిగితే, "వచ్చినయి. సచ్చిన బర్రె ఇంకా మేస్తనే ఉన్నది" అనేది.

తర్వాత రుణమాఫీ వచ్చింది. నా దుకాణం ముందు జాతరే. అందరి ఫోన్లూ మోగాయి, అత్త ఫోన్ తప్ప. మాఫీ పంట లోన్లకే, బర్రె లోనుకు లేదని చెప్పాను. గడ్డి తినకుండానే బర్రె పాలిచ్చిందా, గడ్డి పంట కాదా అని నన్ను నిలదీసింది. నేనేమన్నా మంత్రినా అని గిరాకీ ముందే అరిచాను. ఆమె మూట విప్పి జొన్న రొట్టెలో మిరపకాయ తొక్కు చుట్టి నా చేతిలో పెట్టింది. నేను అరిచినప్పుడల్లా చేసేది అదే. ఆకలిగొన్నోడు మాట్లాడితే అర్థం ఉండదని ఆమె సిద్ధాంతం. ఆ రొట్టెలు తిని తిని, ఆమె మీద పూర్తిగా కోపం తెచ్చుకునే అవకాశం నాకు ఎప్పుడూ దక్కలేదు.

ఇక బీమా తేలదని తెలిశాక, ఆ వయసులో, మోకాళ్లకు గుడ్డ కట్టుకుని, అత్త మళ్లీ చెరుకు కొట్టడానికి వెళ్లింది. వద్దన్నాను. నేను కడతానన్నాను. బర్రె నీది కాదు గదా అంది. పోయిన హోళీకి తిరిగొచ్చింది. చేతుల నిండా చెరుకు ఆకు గీరిన గాట్లు. మిగిలిన బాకీ కట్టేసింది. లోను తీరిన కాగితం చేతికి అందాక బ్యాంకు మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను అప్పుడే గట్టిగా చెప్పాను, మళ్లీ బర్రె పేరెత్తితే నా దుకాణం మెట్టెక్కొద్దని. "ఎత్తను తియ్యి" అంది. జన్మలో ఎవరి మాటా వినని మనిషి ఒక్క మాటతో ఒప్పుకుంటే అనుమానించాలని నాకు తోచలేదు.

సమాధి చేసిన నాలుగు రోజులకు ఆమె ఇల్లు సర్దడానికి వెళ్లాను. తలుపు తాళం తీయకముందే వెనక దొడ్లోకి వెళ్తే, అక్కడ కొత్త గుంజ పాతి ఉంది. పక్కన జొన్న చొప్ప పేర్చి ఉంది. ఇదేంటని పక్కింటామెను అడిగేలోపే వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు దిగి, బలమైన ముర్రా బర్రెను దింపి, అత్త ఆధార్ పేరు పిలిచారు. ఆమెకు కొత్తగా బర్రె మంజూరైంది, తాడు పట్టుకుని నిలబడితే ఫోటో తీసుకుని వెళ్తాం అన్నారు. నాకు తెలియకుండా అర్జీ పెట్టింది మహాతల్లి. అది కూడా ఎక్కడ? వాళ్ల చేతిలోని అర్జీ మీద ముద్ర చూశాను, నా దుకాణానికి ఎదురుగా ఉన్న దుకాణంలో! అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నాలుగు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆమె చనిపోయిందని పక్కింటామె చెప్పింది. వచ్చినవాళ్లలో పెద్ద సారు నొచ్చుకున్నాడు. కానీ లబ్ధిదారు లేకుండా పశువును వదలకూడదు, వాపసు తీసుకెళ్లాలి అన్నాడు. డ్రైవరు ఆటో వెనక పలక వాల్చి తాడు లాగాడు. బర్రె రాలేదు. వెనక నుంచి నెట్టారు, తోక మెలిపెట్టారు, చొప్ప ఆశ చూపారు. అది నాలుగడుగులు వేసి, ఆటో వైపు కాకుండా, తాళం వేసిన తలుపు ముందుకు వెళ్లి కూలబడింది. ఊరివాళ్లు మూగారు గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. నేనూ వేయలేదు. సారు పక్కకు వెళ్లి, ఇప్పుడేం చేయాలో చెప్పమని ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఇంకెవరికో కలుపుతామన్నారు. ఆయన ఎండలో ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. బర్రె మాత్రం కాళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసి, నెమరు వేస్తూ, ఎప్పటి నుంచో ఈ ఇంటి పట్టునే ఉన్నదానిలా పడుకుంది.